అసలు అని తేల్చే పరీక్ష లేదు

ఏ వస్తువు గురించైనా "ఇది ఒరిజినలా, డూప్లికేటా?" అని అడిగితే రెండే జవాబులు ఉంటాయని మనం అనుకుంటాం. నా లెక్కలో మూడున్నాయి. మూడోది "ఉన్న ఆధారాలతో చెప్పలేం". ఈ మూడో జవాబు చెప్పడానికి నామోషీ పడబట్టే పెద్ద పెద్ద మేధావులు కూడా బోల్తా పడ్డారు. ఈ మాట చెప్పడానికి నేను ఎంచుకున్న వస్తువు కాస్త విచిత్రమైనది. జర్మనీలో నాజీ పార్టీ సభలకి వచ్చినవాళ్ళు కోటుకి పెట్టుకున్న చిన్న లోహపు బ్యాడ్జీలు.

వీటిని కొని దాచుకునే కలెక్టర్లు ప్రపంచమంతా ఉన్నారు. కలెక్టర్లంటే మన జిల్లా కలెక్టర్లు కాదు లెండి, సేకర్తలు. ఇంగ్లీషు మాట్లాడే సేకర్తలు వీటికి "టిన్నీలు" అని పేరు పెట్టుకున్నారు. 1933 నుంచి 1938 దాకా ఏటా నురెంబర్గ్‌లో జరిగిన పార్టీ మహాసభలకి, మే డేకి, జిల్లా సభలకి, ఆటల పోటీలకి, చందాల వసూళ్ళకి, ఇలా దేనికి పడితే దానికి ఒక బ్యాడ్జి తయారయ్యేది. పల్చటి రేకుని డై మీద పెట్టి కొట్టడం, వెనకాల ఒక పిన్ను అతికించడం, అంతే పని. ఖర్చు చాలా తక్కువ. ఇప్పుడు వాటిలో అరుదైనవి వేల యూరోలు పలుకుతున్నాయి. తయారీ ఖర్చుకీ అమ్మకం ధరకీ మధ్య ఇంత తేడా ఉన్నచోట దొంగ సరుకు పుట్టకపోతేనే ఆశ్చర్యం.

దొంగ సరుకు గొడవ ఇప్పటిది కూడా కాదు. హిట్లర్ అధికారంలోకి రాగానే వ్యాపారులు దొరికిన ప్రతి వస్తువు మీదా స్వస్తిక్ ముద్ర వేసి అమ్ముకోవడం మొదలుపెట్టారు. దాన్ని ఆపడానికి 1933 మే 19న జాతీయ చిహ్నాల రక్షణ పేరుతో ఒక చట్టం వచ్చింది. 1934 డిసెంబరు 20న ఇంకో చట్టం వచ్చింది. పార్టీ అనుమతి లేకుండా పార్టీ యూనిఫాంలు, బ్యాడ్జీలు తయారుచేసినా అమ్మినా శిక్ష. అంటే, ఏది అసలో ఏది నకిలీయో తేల్చే అధికారం తన చేతిలోనే ఉండాలని ఆ ప్రభుత్వమే పట్టుబట్టింది. పార్టీ సరుకుల శాఖ ఒకటుండేది, పేరు రైక్స్‌త్సొయిగ్‌మైస్టరై, పొట్టిగా ఆర్‌జెడ్ఎం. లైసెన్సు ఉన్న కంపెనీలకి అది కోడ్ నంబర్లు ఇచ్చింది. పార్టీ బ్యాడ్జీలు చేసేవాళ్ళ కోడ్ ఎం1తో మొదలవుతుంది, బాకులు చేసేవాళ్ళది ఎం7తో. ఈరోజు సేకర్తలు వెనక్కి తిప్పి వెతికేది ఈ ముద్ర కోసమే. ఈరోజు నకిలీ చేసేవాడు ముందుగా కొట్టేది కూడా ఈ ముద్రే.

ఇక్కడ మన ఇళ్ళలో తెలిసిన పోలిక ఒకటి చెప్తాను. కంసాలి గీటురాయి మీద నగని గీసి బంగారం ఎంత మేలిమిదో చెప్పగలడు. హాల్‌మార్క్ చూస్తే 22 క్యారెట్లో కాదో మనకే తెలుస్తుంది. కానీ "ఇది మా అమ్మమ్మ పెళ్ళిలో పెట్టిన నగ" అనే మాట గీటురాయికి అందదు. అది లోహంలో లేదు, నగ చేతులు మారిన కథలో ఉంది. నాజీ బ్యాడ్జి విషయంలో కొనేవాడు డబ్బిచ్చేది రేకుకి కాదు. "ఇది 1935లో నురెంబర్గ్‌లో ఒక మనిషి ఛాతీ మీద ఉంది" అనే వాక్యానికి. ఆ వాక్యాన్ని పరీక్షించే గీటురాయి ఎక్కడా దొరకదు.

మరి నిపుణులు చేసే పరీక్షలేమిటి? వాటిని నేను తీసిపారేయడం లేదు, నిజానికి అవి చాలా సరదాగా ఉంటాయి. మొదటిది మనందరం ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో తిప్పిన వెర్నియర్ కాలిపర్స్. అసలు బ్యాడ్జిని డైతో కొట్టి చేస్తారు. నకిలీ చేసేవాళ్ళు చాలామంది అసలు దాని మీద అచ్చు తీసి అందులో లోహం కరిగించి పోస్తారు. పోసిన లోహం చల్లారాక ఒకటి రెండు శాతం కుంచించుకుపోతుంది. 36 మిల్లీమీటర్ల బ్యాడ్జి అయితే అర మిల్లీమీటరు తేడా. కంటికి ఆనదు, వెర్నియర్‌కి ఆనుతుంది. రెండోది భూతద్దం. పోతపోసిన దాని మీద గాలి బుడగల వల్ల సన్నటి గుంటలు ఉంటాయి, అక్షరాల అంచులు అరిగిన సబ్బులా మెత్తగా కనపడతాయి. డైతో కొట్టిన దాని అక్షరాలు పదునుగా ఉంటాయి, చుట్టూ అంచులో రేకుని కత్తిరించిన సన్నటి గీతలు కనపడతాయి. పోతది అయితే ఆ అంచుని ఆకురాయితో రాసిన గుర్తులుంటాయి. మూడోది రంగు. ఆ కాలపు మంచి ఎనామిల్ అంటే కరిగించిన గాజు, సూదితో గీస్తే గీత పడదు. ఇప్పటి రెజిన్ మీద పడుతుంది. గుడ్డ రిబ్బనో కాగితం చీటీయో ఉంటే అతినీలలోహిత కాంతి కింద పెడతారు. తెల్లదనం కోసం గుడ్డల్లో కాగితాల్లో కలిపే మెరుపు రసాయనాలు బాగా వాడకంలోకి వచ్చింది యుద్ధం తర్వాతే. అవి ఉంటే నీలంగా వెలిగి దొరికిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష వేరే ఉంది. డైలో పగులు ఉంటే ఆ డైతో కొట్టిన ప్రతి బ్యాడ్జి మీదా అదే చోట ఒక సన్నటి గీత వస్తుంది. అది మంచి గుర్తే. కానీ ఎవరి జేబులోనో తాళంచెవి రాసుకుని పడిన గీత ఉందనుకోండి, అది ఒక్క బ్యాడ్జి మీదే ఉండాలి. అదే గీత, అదే పొడవు, అదే వంపుతో రెండు బ్యాడ్జీల మీద కనపడితే? కనీసం ఒకటి రెండోదాన్ని చూసి పోసిందే. ల్యాబ్ రికార్డుల్లో ఇద్దరి రీడింగులూ సరిగ్గా ఉంటే మన లెక్చరర్లకి అనుమానం రాదు. ఇద్దరూ ఒకే రీడింగు ఒకే రకంగా తప్పు రాస్తేనే పట్టుకుంటారు. ఇదీ అంతే.

ఇప్పుడు ఈ పరీక్షలన్నిటినీ వరసగా పెట్టి చూడండి. ప్రతి ఒక్కటీ "ఇది నకిలీ" అని చెప్పగలదు. ఒక్కటి కూడా "ఇది అసలు" అని చెప్పలేదు. కొలత సరిపోయిందంటే కొలతలో దొరకలేదని మాత్రమే అర్థం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ గురించి డైక్‌స్ట్రా చెప్పింది ఇదే కదా. టెస్టులు బగ్ ఉందని చూపించగలవు, లేదని చూపించలేవు. వంద టెస్టులు పాసైన కోడ్‌ని మనం "బగ్ లేని కోడ్" అనం. మరి పది పరీక్షలు దాటిన బ్యాడ్జిని "వంద శాతం ఒరిజినల్" అని సర్టిఫికెట్ రాసి అమ్మడం ఎలా కుదురుతుంది?

పైగా చూడగానే కలిగే అనుమానం కూడా నమ్మదగింది కాదు. 1934 మే డే బ్యాడ్జి తీసుకోండి. దాని మీద మహాకవి గోథే ముఖం, కింద స్వస్తిక్ పట్టుకున్న గద్ద, రెండు పక్కలా సుత్తీ కొడవలీ ఉంటాయి. నాజీ బ్యాడ్జి మీద కమ్యూనిస్టు గుర్తా? చరిత్ర ఒక పేరా చదివినవాడెవడైనా "పచ్చి ఫేక్" అని విసిరికొడతాడు. కానీ ఆ బొమ్మ నిజమైనదే. కార్మికుల పండగని కమ్యూనిస్టుల చేతిలోంచి లాక్కునే ప్రయత్నంలో వాళ్ళ గుర్తుల్ని కూడా కలిపేసుకున్నారు. ఇంకొకటి. 1939 మహాసభకి "శాంతి సభ" అని పేరు పెట్టారు, సెప్టెంబరు 2న మొదలవ్వాలి. సెప్టెంబరు 1న పోలండ్ మీద దాడి చేశారు, సభ రద్దయింది. "జరగని సభకి బ్యాడ్జి ఎక్కడిది, నకిలీయే" అనడం కూడా తొందరపాటే. మన టెక్‌ఫెస్ట్ టీషర్టుల్లాగే బ్యాడ్జీలు కూడా సభకి ముందే తయారవుతాయి.

ఇంకాస్త చిక్కుముడి కావాలంటే 1929 నురెంబర్గ్ సభ బ్యాడ్జి చూడండి. ఆ ఆగస్టులో వచ్చినవాళ్ళు పెట్టుకున్న మామూలు గుర్తు అది. 1936లో హిట్లర్ దాన్ని పార్టీ గౌరవ పతకాల జాబితాలో చేర్చాడు. దాంతో 1929లో కొన్న బ్యాడ్జి ఒకటి, గౌరవ పతకంగా తర్వాత చేయించుకున్నది ఒకటి, రెండు రకాల అసలు తయారైంది. ఎం1 కోడ్‌ల పద్ధతి వచ్చింది 1930ల మధ్యలో. కాబట్టి ఆ కోడ్ ఉన్న బ్యాడ్జిని చూపించి "మా తాత 1929 ఆగస్టులో సభలో కొన్నాడు" అంటే అది అబద్ధం. "మా తాత 1937లో చేయించుకున్నాడు" అంటే అబద్ధం కానక్కరలేదు. చూశారా, వస్తువు మారలేదు, మాట మారింది. అసలు, నకిలీ అనేవి వస్తువుకి అంటుకునే గుణాలు కావు, దాని గురించి మనం చెప్పే మాటకి అంటుకునే గుణాలు. నా వాదన అంతా ఈ ఒక్క మెలిక మీదే నిలబడి ఉంది.

ఇదే ముడికి మన దేశంతో సంబంధం ఉన్న ఉదాహరణ కూడా ఉంది. 1942లో సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఉన్నప్పుడు ఆజాద్ హింద్ పతకాల్ని నెలకొల్పాడు. వాటిని చేసింది వియన్నాలోని రుడాల్ఫ్ సౌవాల్ కంపెనీ. ఆ కంపెనీ యుద్ధం ముగిశాక కూడా సేకర్తల కోసం పాత జర్మన్ పతకాల్ని మళ్ళీ తయారుచేసింది. అదే ఊరు, అదే కంపెనీ, అదే పనితనం. యుద్ధం తర్వాత అక్కడ తయారైన పతకం అసలా నకిలీయా? "సౌవాల్ వాళ్ళు చేసింది" అంటే అసలు. "నేతాజీ సైనికుడు పెట్టుకున్నది" అంటే నకిలీ. ఈ రెండింటికీ తేడా కనిపెట్టమంటే లోహాన్ని విశ్లేషించే ఖరీదైన యంత్రం కూడా తడబడొచ్చు.

"సరే, పరీక్షలు నూటికి నూరు కాకపోయినా తొంభై శాతం పనిచేస్తే చాలు కదా" అని మీరు అనొచ్చు. ప్రాబబిలిటీ క్లాసు మర్చిపోనివాళ్ళకి ఇందులో ప్రమాదం తెలుసు. 1922లో హిట్లర్‌తో కలిసి కోబుర్గ్ అనే ఊరికి వెళ్ళినవాళ్ళ కోసం 1932లో ఒక బ్యాడ్జి పెట్టారు. దాన్ని ధరించే అర్హత ఉన్నవాళ్ళ జాబితాలో 436 పేర్లే ఉన్నాయని సేకర్తల పుస్తకాలు చెప్తాయి. అలాంటి బ్యాడ్జి మార్కెట్లో వంద అసలువి, 900 నకిలీవి ఉన్నాయని ఊరికే లెక్క కోసం అనుకుందాం. మన పరీక్ష అసలువాటిని ఒక్కదాన్ని కూడా తప్పుపట్టదు, నకిలీల్లో నూటికి తొంభై పట్టేస్తుంది. పరీక్ష దాటి బయటపడేవి ఎన్ని? వంద అసలువి, 90 నకిలీవి. అంత గొప్ప పరీక్ష పాసైన బ్యాడ్జి కూడా దాదాపు సగానికి సగం నకిలీ అయ్యే అవకాశం ఉంది. వస్తువు ఎంత అరుదైతే నకిలీ చెయ్యాలన్న ఆశ అంత ఎక్కువ, పరీక్ష మాటకి విలువ అంత తక్కువ. అందుకే కోబుర్గ్ బ్యాడ్జి అమ్మేవాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న "లోహం ఏంటి?" కాదు, "436 మందిలో ఎవరిది?".

మూడో జవాబు చెప్పడానికి సిగ్గుపడితే ఏమవుతుందో 1983లో ప్రపంచమంతా చూసింది. ఆ ఏప్రిల్‌లో జర్మనీ పత్రిక ష్టెర్న్ హిట్లర్ డైరీలు దొరికాయని ప్రకటించింది. వాటిని రాసింది కొన్‌రాడ్ కుయావ్ అనే స్టుట్‌గార్ట్ వ్యాపారి. అతని వ్యాపారం ఏమిటో తెలుసా? నాజీ జ్ఞాపికలు, అసలూ నకిలీ కలిపి. పత్రిక లక్షల మార్కులు పోసి అరవై దాకా సంపుటాలు కొంది. చేతిరాత నిపుణులు పోల్చి చూసి సరిపోయిందన్నారు. ట్రెవర్ రోపర్ లాంటి పేరున్న చరిత్రకారుడు మొదట సరేనన్నాడు. చేతిరాత ఎందుకు సరిపోయింది? పోల్చడానికి ఇచ్చిన "అసలు" నమూనాల్లో కొన్ని కూడా కుయావ్ రాసినవే. మే 6న జర్మన్ జాతీయ ఆర్కైవ్స్ తేల్చేసింది. కాగితంలో యుద్ధం తర్వాతి తెల్లదనం రసాయనం ఉంది. అంతేకాదు, హిట్లర్ ప్రసంగాల మీద అచ్చయిన ఒక పుస్తకంలోని తప్పులు కూడా డైరీల్లోకి దిగాయి. మళ్ళీ అదే ల్యాబ్ రికార్డు కథ.

మన బ్రాంచి వాళ్ళకి ఇది కొత్త కాదు. ట్రైనింగ్ డేటాలో లేబుళ్ళే తప్పైతే మోడల్ ఎంత బాగా నేర్చుకుంటే అంత బాగా తప్పు చెప్తుంది. "ఇలాంటి బ్యాడ్జీల ఫొటోలు ఒక పదివేలు పోగేసి క్లాసిఫైయర్ ట్రైన్ చేస్తే అయిపోతుంది కదా" అని మనలో ఎవరికైనా అనిపించడం సహజం. ఆ పదివేల ఫొటోలకి అసలు, నకిలీ అని లేబుల్ పెట్టింది ఎవరు? అమ్మేవాళ్ళు. ఆ మోడల్ నేర్చుకునేది చరిత్ర కాదు, అమ్మేవాళ్ళు ఏది నమ్మించగలరో అది. ఫొటోకి బరువు తెలీదు, మందం తెలీదు, ఎవరి ఇంట్లోంచి వచ్చిందో అసలే తెలీదు. పైగా నకిలీ చేసేవాడు ఆ యాప్ డౌన్‌లోడ్ చేసుకుని, అది "అసలు" అనేదాకా తన సరుకుని మెరుగుపెట్టుకుంటాడు. నేను యాప్‌కి వ్యతిరేకిని కాదు. కానీ దాని తెర మీద "అసలు" అనే బటన్ ఉండకూడదంటాను. "నకిలీ", "అభ్యంతరం కనపడలేదు", "చెప్పలేం", ఈ మూడే ఉండాలి.

ఇంతసేపూ మీలో కొందరికి ఒక ప్రశ్న నలుగుతూ ఉంటుంది. "అంత పాపిష్టి వస్తువు అసలైతేనేం, నకిలీ అయితేనేం, అన్నీ కరిగించి పారేస్తే పోలా?" ఈ మాటలో కోపం న్యాయమైనదే. కానీ కుయావ్ డైరీల్లో ఏముందో గుర్తుచేస్తాను. అందులో హిట్లర్ కాస్త మెత్తటి మనిషి. యూదుల సామూహిక హత్యల సంగతి అతనికి సరిగ్గా తెలియనట్టే ఉంటుంది. అవి నిజమని నిలబడి ఉంటే ఈరోజు పాఠ్యపుస్తకాల్లో ఏముండేదో ఊహించుకోండి. నకిలీ వస్తువంటే కోర్టులో అబద్ధపు సాక్షి. ఒక్కోసారి వాడు నేరస్థుడి తరఫున మాట్లాడతాడు.

అసలు బ్యాడ్జి నిజమైన సాక్షి. 1935 సెప్టెంబరు 15న నురెంబర్గ్ మహాసభ జరుగుతుండగానే, యూదుల పౌరసత్వ హక్కులు లాగేసుకున్న చట్టాలు ప్రకటించారు. ఆ వారం ఆ ఊళ్ళో బ్యాడ్జి పెట్టుకుని తిరిగినవాళ్ళందరూ రాక్షసులు కాదు. గుమాస్తాలు, మేస్త్రీలు, మన వయసు కుర్రాళ్ళు. ఈ రేకు ముక్కలు చెప్పే భయంకరమైన విషయం అదే. ఇంత మామూలు వస్తువు, ఇంత మామూలు మనుషులు. సంతలో దొరికే నకిలీలు పెరిగేకొద్దీ ఆ సాక్ష్యం సినిమా సెట్‌లో వాడే సామానులా మారిపోతుంది. "అవన్నీ కట్టుకథలు, ఫొటోలూ అంతే, లెక్కలూ అంతే" అనేవాళ్ళకి దారి సుగమం అవుతుంది. అందుకే కరిగించడం కంటే తేల్చడం ముఖ్యం. తేల్చలేనప్పుడు తేలలేదని రాసిపెట్టడం ఇంకా ముఖ్యం.

మనకి ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది కూడా ఉంది. గడప మీద, పెళ్ళి పత్రిక మీద, కొట్లో కొత్త ఖాతా పుస్తకం మొదటి పేజీ మీద స్వస్తిక్ చూస్తూ పెరిగిన కళ్ళు మనవి. ఆ గుర్తు చూస్తే మనకి ఉలిక్కిపాటు రాదు. అందువల్ల యూరప్‌లో ఒక పాత సామాన్ల సంతలో బ్యాడ్జి కనపడితే "భలే వింటేజ్‌గా ఉంది" అని కొనేసే ప్రమాదం మనకే ఎక్కువ. ఈ కాలేజీ నుంచి ఎంఎస్‌కి జర్మనీ వెళ్ళాలనుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇది చెప్పడం అవసరం. అక్కడి శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ ప్రకారం ఆ చిహ్నాల్ని నలుగురిలో ప్రదర్శిస్తే జరిమానా, లేదా మూడేళ్ళ దాకా జైలు. బోధన, పరిశోధన, కళల కోసం మినహాయింపులున్నాయి, బ్యాగుకి పెట్టుకుని ఇన్‌స్టాలో ఫొటో పెట్టడానికి లేవు. బ్యాడ్జి నకిలీదైనా చట్టానికి తేడా లేదు, మీద ఉన్న గుర్తే చాలు.

కాబట్టి నా సలహా చిన్నది. ఎవరైనా ఇలాంటి వస్తువు చూపించి "ఒరిజినలే" అంటే, ముందు ఆ మాటని పూర్తి వాక్యంగా చెప్పమనండి. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చింది. వాక్యం పూర్తి కాకపోతే పరీక్షలతో పనిలేదు, కొనకండి. వాక్యం పూర్తయితే అప్పుడు వెర్నియర్, భూతద్దం బయటికి తీసి అందులో ఏ ముక్క విరుగుతుందో చూడండి. ఏదీ విరక్కపోతే అది ఉండాల్సిన చోటు మన షెల్ఫ్ కాదు. నురెంబర్గ్‌లో ఆ సభలు జరిగిన మైదానం దగ్గరే 2001 నుంచి ఒక డాక్యుమెంటేషన్ సెంటర్ నడుస్తోంది. అలాంటి చోట గాజు పెట్టెలో పక్కన ఒక చీటీతో ఉండాలి. ఆ చీటీ మీద తెలిసింది ఎంతో, తెలియంది ఎంతో రెండూ రాసి ఉండాలి.